1151 బోర్డు ఉందా అని అడగకండి

శ్రావణ మాసపు ముహూర్తాలకు వారం ముందు నా కంప్యూటర్ ఆగిపోయింది. గాజువాకలో నాది చిన్న డీటీపీ కొట్టు. శుభలేఖలు, గృహప్రవేశం పిలుపులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, మధ్యమధ్యలో జిరాక్సులు. ఆ రోజు సాయంత్రానికి ఐదు వందల శుభలేఖలకు ప్రూఫు చూపించాలి. బటన్ నొక్కితే లోపల ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే మళ్లీ సగం చుట్టే.

లోపలి మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ తగిలించే పెద్ద సర్క్యూట్ బోర్డు, పోయిందని తేలాక, కొత్తది కొనడంలో నేను చేసిన తప్పు ఒకటుంది. అది మీరు చేయకూడదని ఇదంతా రాస్తున్నాను. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. అక్షరం తప్పు పోతే ఐదు వందల కార్డులు చిత్తు కాగితాలవుతాయని తెలిసిన మనిషిని. ఈ పనికి కావలసింది కూడా ఆ జాగ్రత్తే.

ముందు ఒక మాట. బోర్డు నిజంగా పోయిందా అన్నది తేల్చుకోకుండా కొట్టుకు పరుగెత్తకండి. మా అక్క కొడుకు వచ్చి, జిరాక్సు బల్ల దగ్గరున్న పాత పెట్టెలోంచి ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటు అందించే డబ్బా, తీసి దీనికి తగిలించి చూశాడు. ర్యాము రెండు కర్రలూ తీసి, అంచులు పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటీ వేరు వేరు స్లాట్లలో పెట్టి చూశాడు. రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ కూడా మార్చాడు. అన్నీ అయ్యాక ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే ముఖ్యమైన చిప్పు) పక్కన ఉబ్బిన కెపాసిటర్లు రెండు చూపించి, "బోర్డే పోయింది పిన్నీ" అన్నాడు. సగం సందర్భాల్లో తప్పు ఎస్‌ఎంపీఎస్‌దో ర్యాముదో అయి ఉంటుందని వాడి అనుభవం. నాకు ఆ అదృష్టం లేదు.

వాడు వెళ్లాక నేను ద్వారకానగర్‌లో ఒక కొట్టుకు ఫోన్ చేశాను. "1151 బోర్డు ఉందా?" అని అడిగాను. "ఉందమ్మా, రండి" అన్నాడు. ఎన్‌ఏడీ మీదుగా బస్సులో వెళ్లి, 4,200 రూపాయలు ఇచ్చి, అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని తిరిగి వచ్చాను. బోర్డు హెచ్310. నా ప్రాసెసర్ ఐ5-7400. సాకెట్‌లో, అంటే బోర్డు మీద దాని గూట్లో, చక్కగా కూర్చుంది, లివర్ పడింది, ఫ్యాను ఆగకుండా తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

రాత్రి పదకొండింటికి అక్క కొడుకు చెప్పాడు: ఇంటిపేరు ఒకటే, గోత్రం వేరు.

శుభలేఖలు కొట్టే దానికి ఆ మాట చాలు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలకు ఒకరితో ఒకరికి ఏ చుట్టరికమూ లేకపోవడం నేను రోజూ చూసేదే. 1151 అనేది ఇంటిపేరు. అది పిన్నుల లెక్క మాత్రమే. దాని వెనక రెండు వేరు వేరు కుటుంబాలున్నాయి. ఇంటెల్ ఆరో తరం 2015లో, ఏడో తరం 2017 మొదట్లో వచ్చాయి. వాటికి హెచ్110, బీ150, జెడ్170, బీ250, హెచ్270, జెడ్270 వంటి బోర్డులు. 2017 చివర్లో ఎనిమిదో తరం వచ్చింది, మరుసటి ఏడాది తొమ్మిదోది. వాటికి హెచ్310, బీ360, బీ365, హెచ్370, జెడ్370, జెడ్390. పిన్నులు అవే 1151, ప్రాసెసర్ అంచున గాట్లు కూడా అదే చోట. కాని కొత్త కుటుంబంలో ప్రాసెసర్‌కు కరెంటు అందించే పిన్నులు 128 నుంచి 146కు పెరిగాయి. అంతకు ముందు ఖాళీగా ఉంచిన పిన్నులు కొన్నింటికి కొత్త పని పెట్టారు. అందువల్ల పట్టడం పడుతుంది, పని మాత్రం చేయదు. ఇంటెల్ వెబ్‌సైట్ చూసినా ఐ5-7400 దగ్గరా, ఐ5-8400 దగ్గరా సాకెట్ గడిలో ఎఫ్‌సీఎల్‌జీఏ1151 అనే కనిపిస్తుంది. ఆ ఒక్క గడి చూసి డబ్బు కట్టేవాళ్లు నాలాగే దెబ్బ తింటారు.

కాబట్టి మొదటి పని, మీ ప్రాసెసర్ పూర్తి పేరు అక్షరం వదలకుండా రాసుకోవడం. "ఐ5" అంటే సరిపోదు. 2011లోనూ ఐ5 ఉంది, 2023లోనూ ఐ5 ఉంది, రెండూ ఒకే బోర్డు మీద పట్టవు. కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే ఇది తేలిక. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఎం, ఎస్, ఐ, ఎన్, ఎఫ్, ఓ అక్షరాలు వరుసగా కొట్టి, ఆ వెంటనే 32 వేసి ఎంటర్ నొక్కండి. ప్రాసెసర్ పేరు, బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరుసలో బోర్డు పేరు, బయోస్ (కంప్యూటర్‌ను లేపడానికి బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) వెర్షన్, దాని తేదీ, అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోండి. కంప్యూటర్ బాగున్నప్పుడే ఈ పని చేసి పెట్టుకుంటే పోయిన రోజున వెతుక్కోనక్కర్లేదు. నేను ఇప్పుడు కొట్టులో ఉన్న మూడు పెట్టెలకూ ఆ కాగితం లోపలి వైపు అంటించాను.

కంప్యూటర్ పోయాకే చూస్తున్నారా? అయితే పాత బిల్లు వెతకండి. అదీ లేకపోతే ప్రాసెసర్ నెత్తి మీద చూడాల్సిందే. ప్రాసెసర్ మీది ఫ్యాను, అంటే కూలర్, ఇంటెల్ వాళ్ల మామూలుదైతే నాలుగు మూలల్లో ప్లాస్టిక్ గుబ్బలుంటాయి. ఒక్కొక్కటీ బాణం గుర్తు వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. కింద బూడిదరంగు పేస్టు ఎండి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిస్తే లోహం మీద చెక్కిన అక్షరాలు బయటపడతాయి. మొదట మోడల్ పేరు, దగ్గరలోనే ఎస్‌ఆర్‌తో మొదలయ్యే ఐదక్షరాల కోడ్. పేరు చెరిగిపోయినా ఆ కోడ్‌తో వెతికితే ప్రాసెసర్ ఏదో తెలుస్తుంది. అక్షరాలు సన్నగా ఉంటాయి. టార్చి పక్కనుంచి వేస్తేనే కనిపిస్తాయి.

మీది ఇంటెల్ కాక ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ అయి, సాకెట్ ఏఎం4 అయితే కూలర్‌ను నిలువునా లాగకండి. ఆ కుటుంబంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టు అతుక్కుని, లివర్ బిగించి ఉండగానే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కూలర్‌ను కుడికీ ఎడమకూ కొద్దికొద్దిగా తిప్పి, జిగట వదిలాక ఎత్తాలి. బీరువా తలుపు ఊడదీసేటప్పుడు చూపే ఓపిక ఇక్కడా చూపాలి.

ఇప్పుడు అంకెలు చదవడం. ఇంటెల్‌లో ఐ5-7400 అంటే మొదటి అంకె తరం, ఏడోది. ఐ3-10100, ఐ5-12400 వంటి ఐదంకెల వాటిలో మొదటి రెండంకెలు తరం. చివర అక్షరం ఉంటే దాన్నీ రాసుకోండి. ముఖ్యంగా ఎఫ్. ఐ3-12100ఎఫ్ లాంటి ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా బోర్డు మీది పోర్టుకు మానిటర్ తగిలిస్తే ఏమీ రాదు, బోర్డే చెడిందని అనుకుంటారు. రైజెన్ 5 5600 వంటి వాటిదీ అదే కథ. ఏఎం4 రైజెన్‌లలో చివర జీ గాని జీఈ గాని ఉన్నవాటికే తెరకు బొమ్మ పంపే శక్తి ఉంది.

తరం తెలిశాక కుటుంబం తెలుస్తుంది. రెండు, మూడు తరాలు 1155. నాలుగోది 1150. ఆరు నుంచి తొమ్మిది దాకా, పైన చెప్పిన చీలికతో, 1151. పది, పదకొండు 1200. పన్నెండు, పదమూడు, పద్నాలుగు 1700. ఆ తరవాత 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకు 1851. ఏఎండీ వైపు రైజెన్ వెయ్యి నుంచి ఐదు వేల దాకా ఏఎం4, ఏడు వేలు మొదలుకొని ఏఎం5. 1155 ప్రాసెసర్‌ను 1150 బోర్డులో పెట్టబోతే గాట్లు కుదరక ఆగిపోతుంది, అక్కడ పొరపాటు చేయడం కష్టం. 1156 నుంచి 1200 దాకా ప్రాసెసర్లన్నీ 37.5 మిల్లీమీటర్ల చదరమే కాబట్టి చేతిలో పట్టుకుని సైజు చూసి ఏదో చెప్పలేరు. 1700, 1851 మాత్రం పొడుగ్గా, 45 మిల్లీమీటర్లు ఉంటాయి.

చీలిక 1151లోనే కాదు, 1200లోనూ ఉంది. పదకొండో తరం ప్రాసెసర్ ఉన్నవాళ్లు హెచ్410, బీ460 చిప్‌సెట్ల (ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య పని నడిపే చిప్పుల) బోర్డులు కొనకూడదు. అవి పదో తరానికే. సాకెట్ ఒకటే అయినా పదకొండోదాన్ని తీసుకోవు. హెచ్510, బీ560 తీసుకుంటాయి. ఏఎం4లో దీనికి ఎదురు చిక్కు. బీ550 బీ450 కన్నా కొత్తది కదా అని రైజెన్ 3 3200జీ కోసం దాన్ని కొంటారు. బీ550 అధికారిక జాబితాలో ఆ ప్రాసెసర్ లేదు. పేరు మూడు వేల వరుసలోదైనా లోపల అది పాత తరం. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న కొత్త బోర్డు పాత ప్రాసెసర్‌ను గుర్తించకపోవడం చాలామందికి నమ్మశక్యం కాదు.

ఈ లెక్కలన్నీ నోటికి రానక్కర్లేదు, నాకూ రావు. నమ్మవలసింది ఒక్కటే: బోర్డు తయారీదారు తన వెబ్‌సైట్‌లో ఆ బోర్డు పేజీలో పెట్టే సీపీయూ (అంటే ప్రాసెసర్) సపోర్ట్ జాబితా. కొట్టువాడి మాట, వీడియోలో చెప్పిన మాట, నేను పైన రాసిన మాట, అన్నీ దాని తరవాతే. జాబితా తెరవాలంటే బోర్డు పేరు పూర్తిగా కావాలి. హెచ్110 అన్నది చిప్‌సెట్ పేరు. బోర్డు పేరు దానికి ముందూ వెనకా ఇంకొన్ని అక్షరాలతో ఉంటుంది, స్లాట్ల మధ్య బోర్డు మీదే పెద్దగా అచ్చువేసి ఉంటుంది. కొన్ని బోర్డులకు మూలన చిన్నగా రివిజన్ నంబరు కూడా ఉంటుంది, దాన్ని బట్టి జాబితా మారవచ్చు. ఇక్కడే ప్రూఫు చూసే కళ్లు కావాలి. చివర డీ3 అని ఉన్న హెచ్110 బోర్డు చాలావరకు డీడీఆర్3 ర్యాము అడుగుతుంది, నా దగ్గరున్నదేమో డీడీఆర్4. అలాగే 1700 బోర్డుల్లో డీ4 అని ఉంటే డీడీఆర్4, లేకపోతే చాలావరకు డీడీఆర్5. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, గాటు మాత్రం వేరే చోట. ఒకదాన్ని మరొకదానిలో గుచ్చితే విరగడమే.

జాబితాలో మీ ప్రాసెసర్ పేరు కనిపించగానే ఊపిరి పీల్చుకోకండి. అదే వరుసలో చివర ఒక బయోస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు, లేదా దాని తరవాతి బయోస్, బోర్డులో ఉంటేనే ప్రాసెసర్ పలుకుతుంది. నేను రెండోసారి కొన్నది డాబాగార్డెన్స్ వైపు ఒక కొట్టులో దొరికిన సెకండ్‌హ్యాండ్ హెచ్110. ఆ బోర్డులు ఆరో తరం కాలంలో వచ్చినవి. బయోస్ మార్చకుండా అలాగే ఉండిపోయినది దొరికితే ఏడో తరపు నా ప్రాసెసర్‌ను గుర్తించదు. గుర్తించకపోతే బయోస్ మార్చడానికి తెర రాదు. తెర రావాలంటే బయోస్ మార్చాలి. ఈ ముడి విప్పడానికి ఆరో తరం ప్రాసెసర్ ఒకటి అరువు కావాలి. కొట్టు కుర్రాడు సొరుగులోంచి పాత పెంటియం జీ4400 తీసి పెట్టాడు, తెర వచ్చింది. బయోస్ తేదీ 2016 మొదట్లోది. పెన్‌డ్రైవ్‌తో కొత్తది ఎక్కించాడు. ఆ పది నిమిషాలూ ఇన్వర్టర్ మీదున్న ప్లగ్గుకే తగిలించమని పట్టుబట్టాను. మధ్యలో కరెంటు పోతే ఆ బోర్డు పనికిరాని పలక అయిపోతుంది. తరవాత నా ఐ5 పెట్టగానే తెర వెలిగింది. కొన్ని ఖరీదైన బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించే బటన్ వెనక ఉంటుంది. హెచ్110 తరగతి బోర్డులకు ఆ భాగ్యం ఆశించకండి.

కొట్టులో అడిగే తీరు కూడా మార్చుకోవాలి. మన వైపు చాలామంది పెట్టె మొత్తాన్ని సీపీయూ అంటారు. "మీ సీపీయూ ఏది?" అని కొట్టువాడు అడిగితే "నల్లది, గాజు తలుపున్నది" అని చెప్పినవాళ్లను నా కళ్లతో చూశాను. నేను రెండోసారి ఫోనులో ఇలా అడిగాను: "బాబూ, నా దగ్గర ఐ5-7400 ఉంది, డీడీఆర్4 ర్యాము. హెచ్110 గాని బీ250 గాని కావాలి. బోర్డు మీదున్న పూర్తి పేరు చదివి చెప్పు, జాబితా చూసుకుని వస్తాను." పేరు చదవడానికి విసుక్కున్న కొట్టుకు వెళ్లలేదు. డాబాగార్డెన్స్ కుర్రాడు ఫోటో పంపాడు, అక్కడికే వెళ్లాను. నా ప్రాసెసర్‌ను డబ్బాలో పెట్టి తీసుకెళ్లి, అతని బల్ల మీదే తెర వచ్చాక డబ్బు ఇచ్చాను, 2,800. బిల్లు మీద ప్రాసెసర్ పేరు కూడా రాయించుకున్నాను. రాయనంటే కొనకండి.

సెకండ్‌హ్యాండ్ బోర్డు తీసుకునేటప్పుడు విశాఖలో ఇంకొకటి చూడాలి. వెనక పోర్టుల లోహం, స్క్రూలు పట్టే రంధ్రాల చుట్టూ ఉన్న వలయాలు. సముద్రపు ఉప్పు గాలి ముందు అక్కడే కనిపిస్తుంది. తుప్పు మచ్చలో, ఆకుపచ్చ పొడో ఉంటే ఆ బోర్డు ఏ బీచ్ రోడ్డు పక్క గదిలోనో కిటికీ దగ్గర కాపురం చేసి ఉంటుంది. కొనకుండా వదిలేయండి. తరవాత సాకెట్ మూత తీసి, ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూడండి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు వైపే ఉంటాయి, తలవెంట్రుక మందాన. నేసిన గుడ్డలా ఒకే వాలులో మెరవాలి. ఒక్కచోట మెరుపు తెగినట్టు కనిపిస్తే అక్కడ పిన్ను వంగింది. వేలితో ముట్టుకోవద్దు, గుడ్డతో అసలే తుడవొద్దు.

బిగించేటప్పుడు ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్ త్రికోణంతో కలిపి, గాట్లు సరిపోయాక వదిలేయాలి. నొక్కకూడదు, దానంతట అదే కూర్చోవాలి. ఆ తరవాత లివర్ దించేటప్పుడు మాత్రం కిర్రుమంటుంది, కాస్త బలం కావాలి. మొదటిసారి నాకు గుండె ఆగినంత పనైంది, అది మామూలేనట. కూలర్ పాతదే సరిపోతుంది. 1156 నుంచి 1200 దాకా కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లే. 1700కు వెళితే అది 78, కొత్త కూలరో కొత్త బ్రాకెట్టో కావాలి. పేస్టు మాత్రం ప్రతిసారీ కొత్తది రాయాల్సిందే, శనగగింజంత.

మిగతావి గబగబా. క్యాబినెట్‌లో మైక్రో ఏటీఎక్స్ బోర్డు, అంటే 244 మిల్లీమీటర్ల చదరం, పడుతుందో లేదో కొలవండి. కంపెనీ పేరుతో పూర్తిగా బిగించి వచ్చిన పెట్టెల్లో బోర్డు ఆకారమూ, ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గులూ చాలాసార్లు వాళ్ల సొంత పద్ధతిలో ఉంటాయి. బయట దొరికే బోర్డు వాటికి పట్టదు. పాత మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే బోర్డు వెనక ఆ పోర్టు ఉందో చూడండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వాడేవాళ్లు దాని పోర్టు కోసం కూడా. విండోస్ విషయంలో, బోర్డు మారితే అది వేరే కంప్యూటర్ అనుకుంటుంది, మళ్లీ యాక్టివేషన్ అడగవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం పెట్టి ఉంటే రికవరీ కీ అడుగుతుంది. దాన్ని బోర్డు మార్చక ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. నేనైతే డిస్కు తీసి, శుభలేఖల ఫైళ్లన్నీ వేరే డిస్కుకు ఎక్కించాకే బోర్డు జోలికి వెళ్లాను.

ఖర్చు మాటకొస్తే, ఏడో తరం దాకా ఉన్న ప్రాసెసర్లకు మూడు వేలకు మించి బోర్డు మీద పెట్టవద్దనేది నా అభిప్రాయం. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుంది, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా పేజీలన్నీ పాత తెలుగు ఫాంట్ల మీద కట్టినవి కాబట్టి నేను ఆ పెట్టెను ఇంటర్నెట్ లేకుండా కంపోజింగ్‌కే వాడుతున్నాను. ఆన్‌లైన్ దరఖాస్తులు, బ్యాంకు పనులు దాని మీద చేయను. 2014లో హుద్‌హుద్ తుపానుకు నా పాత కోర్ 2 డుయో తడిసి పోయినప్పుడు బోర్డు వెతకాలన్న ఆలోచనే చేయలేదు, అంతా కొత్తది కొన్నాను. అది సరైన పనే.

తప్పుగా కొన్న హెచ్310ని కొట్టువాడు వెనక్కు తీసుకోలేదు. అతన్ని అనడానికి లేదు, నేను అడిగిందే అతను ఇచ్చాడు. నాలుగు నెలలు అలమరలో కూర్చుంది. దీపావళి తరవాత అక్క కొడుకు ఎవరి దగ్గరో వాడిన ఐ3-8100 చూసి ఫోన్ చేశాడు. "ఆగు" అని, అలమర తెరిచి, బోర్డు పేరు అక్షరం అక్షరం చదివి, జాబితాలో ఆ ప్రాసెసర్ ఎదురుగా ఉన్న బయోస్ నంబరు చూశాను. మొట్టమొదటి వెర్షనే. తీసుకో అన్నాను. ఇప్పుడు జిరాక్సు బల్ల దగ్గర బిల్లులు కొడుతున్నది అదే.